‘భూమి పుట్టించుగాక’ అన్న మాట దగ్గర ఆగండి

సంపాదకుల వారికి నమస్కారాలు.

పరిణామ సిద్ధాంతం మీద మీ ఉత్తరాల పేజీలో వస్తున్న వాదోపవాదాలు చదువుతున్నాం. డార్విన్‌ను ఒప్పుకుంటే బైబిలు మూసి అటక మీద పెట్టాల్సిందేనని ఒక వర్గం. బైబిలు చదివేవాడికి జువాలజీ ఎందుకని ఇంకో వర్గం. పైకి బద్ధశత్రువుల్లా ఉన్నా ఇద్దరూ ఒక్క విషయంలో కలుస్తున్నారు: ఏదో ఒకటే ఎంచుకోవాలట. ఆ షరతు ఎక్కణ్నుంచి వచ్చిందో, దాన్ని నమ్మి సంఘాలూ కాలేజీలూ పిల్లలకు ఏం తప్పు చెబుతున్నాయో రాయాలనిపించింది. ఉత్తరం కాస్త పొడుగే. కత్తిరించక తప్పకపోతే చరిత్ర ముక్క కత్తిరించండి, పత్తి ముక్క ఉంచండి.

ముందుగా ఒక మాట సంగతి. ‘అది సిద్ధాంతమే కదా, రుజువు కాలేదు’ అని ప్రసంగాల్లో తరచూ వినిపిస్తుంది. ఇంగ్లీషులో థియరీ అనే మాటను మామూలు వాడుకలో ఊహ అనే అర్థంలోనూ అంటారు. కాబట్టి అక్కడ ఆ ఎత్తిపొడుపు కొంతైనా నిలుస్తుంది. తెలుగులో నిలవదు. సిద్ధాంతం అంటే విచారించి తేల్చిన నిర్ణయం. రుజువు కోసం ఎదురుచూసే ఊహకు మన సైన్సు పుస్తకాలు పరికల్పన అనే వేరే మాట పెట్టుకున్నాయి. పంచాంగం రాసే సిద్ధాంతి గారిని ఊహలు చెప్పేవాడని ఎవరైనా అంటారా? పరాయి కరపత్రాన్ని తర్జుమా చేస్తూ అందులోని వాదనను కూడా యథాతథంగా దింపేసుకుంటే ఇలాగే ఉంటుంది.

ఇక పత్తి. పురుగును చంపే విషాన్ని మొక్కే తయారు చేసుకునేలా జన్యువు చేర్చిన బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. రెండు విషాలున్న బీజీ-2 రకం 2006లో వచ్చింది. విత్తనాలు కొంటే 450 గ్రాముల బీటీ గింజలతో పాటు 120 గ్రాముల బీటీ కాని గింజల పొట్లం ఒకటి ఇచ్చేవారు. పొలం చుట్టూ కనీసం ఐదు వరుసలు, లేదా మొత్తం విస్తీర్ణంలో ఐదో వంతు, ఆ గింజలు వేయాలన్నది నిబంధన. చాలామంది రైతులు ఆ పొట్లాన్ని గట్టు మీద పారేశారు. పురుగు తినే పత్తిని చేతులారా ఎందుకు వేసుకోవాలన్నది వాళ్ల లెక్క. వాళ్లను తప్పు పట్టలేం, ఎందుకు వేయాలో విడమర్చి చెప్పినవాళ్లు తక్కువ.

విషాన్ని తట్టుకునే మార్పు లక్షల పురుగుల్లో ఏ ఒకటి రెండింటిలోనో ముందే ఉంటుంది. విషం దాన్ని పుట్టించదు. అది లేనివాటిని చంపి, ఉన్నవాటికి పొలం ఖాళీ చేసి ఇస్తుంది. బీటీ కాని వరుసల్లో పెరిగిన మామూలు పురుగులు రెక్కలొచ్చి ఎగిరి, బతికి బయటపడ్డ ఆ ఒకటి రెండింటితో జతకడితే, పిల్లలకు తట్టుకునే జన్యువు తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క ప్రతి మాత్రమే అందుతుంది. ఒక్క ప్రతి సరిపోక అవి బీటీ మొక్క మీద చచ్చిపోతాయి. ఆ వరుసలు లేని చేలో తట్టుకునేది తట్టుకునేదాన్నే వెతుక్కుంటుంది, రెండు ప్రతులున్న పిల్లలు పుడతాయి. గులాబీ రంగు పురుగుకు పత్తి తప్ప వేరే మేత దాదాపు లేదు కాబట్టి ఈ వడపోత ఇంకా బిగుసుకుంది. 2010 నాటికి గుజరాత్‌లో అది మొదటి విషాన్ని తట్టుకుంది. మరికొన్నేళ్లకు రెండోదీ పనిచేయకుండా పోయింది. తర్వాత రెండు రకాల గింజలనూ ఒకే ప్యాకెట్టులో కలిపి ఇచ్చే పద్ధతి తెచ్చారు. గుంటూరు, వరంగల్, ఆదిలాబాద్ రైతులకు గుడ్డి పూలు, పుచ్చిన కాయలు ఎలా ఉంటాయో మేం చెప్పనక్కర్లేదు.

దీనికి తోడు ఇంకో తిరకాసు ఉంది, ఇది మెండెల్ లెక్క. మన దగ్గర వేసేవి దాదాపు అన్నీ హైబ్రిడ్లు, అంటే రెండు వేర్వేరు రకాలను కలిపి పుట్టించినవి. ఒక్కో విషపు జన్యువు మొక్కలో ఒక్క ప్రతిగానే ఉంటుంది. ఆ మొక్క కాయలో గింజలు పట్టేటప్పుడు జన్యువులు విడివడి పంచుకుంటాయి: పదహారు పాళ్లలో తొమ్మిది పాళ్ల గింజల్లో రెండు విషాలూ, మూడు పాళ్లలో ఒకటి, మూడు పాళ్లలో ఇంకొకటి, ఒక పాలులో ఏదీ ఉండదు. కాయలో ముప్ఫై గింజలుంటే దాదాపు రెండు గింజలు విషం లేనివే. గులాబీ రంగు పురుగు తినేది సరిగ్గా ఆ గింజల్నే. విషం ఉన్న గింజా లేని గింజా పక్కపక్కనే పెట్టి, తట్టుకునే పురుగును ఏరి పెంచినట్టయింది.

ఈ లెక్క కట్టింది ఇప్పటి చెక్ దేశంలోని బ్రనోలో ఉన్న అగస్టీనియన్ మఠ సన్యాసి. గ్రెగోర్ మెండెల్ 1856 నుంచి 1863 దాకా దాదాపు 28,000 బఠానీ మొక్కలు పెంచాడు. ఒక ప్రయోగంలో 5,474 నున్నటి గింజలు, 1,850 ముడుతల గింజలు లెక్కపెట్టాడు. మూడుకి ఒకటి అనే నిష్పత్తి అక్కడ తేలింది. తర్వాత అదే మఠానికి పెద్ద అయ్యాడు. డార్విన్ పుస్తకం జర్మన్ తర్జుమా తెప్పించుకుని గీతలు గీసుకుంటూ చదివాడు. 20వ శతాబ్దంలో మెండెల్‌నూ డార్విన్‌నూ గణితంతో జోడించిన రొనాల్డ్ ఫిషర్ ఆంగ్లికన్. పరిణామపు వెలుగులో తప్ప జీవశాస్త్రంలో ఏదీ అర్థం కాదని 1973లో రాసిన జన్యుశాస్త్రవేత్త డొబ్‌జాన్‌స్కీ ఆర్థడాక్స్ క్రైస్తవుడు. వాళ్లు భక్తులు కాబట్టి సిద్ధాంతం నిజమని మేం అనడం లేదు. ఈ పాఠం నాస్తికుల సొత్తు అని చెప్పేవాళ్లకు ఈ పేర్లు తెలిసి ఉండాలి, అంతే.

‘ఈపాటి మార్పు మేమూ ఒప్పుకుంటాం. పురుగు పురుగుగానే ఉంది కదా, మనిషి కాలేదు కదా’ అంటారు. సబబైన ప్రశ్నే. పొలంలో పాతికేళ్లలో కనిపించేది చిన్న మార్పే. పెద్ద మార్పుకు సాక్ష్యం ఇంకోచోట, రాతప్రతుల్లో దొరుకుతుంది. బైబిల్ కాలేజీలో చదివినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. కొత్త నిబంధన గ్రీకు ప్రతులు వేలల్లో ఉన్నాయి. ఏ ప్రతి దేన్ని చూసి రాసిందో తేల్చడానికి పండితులు సరైన వాక్యాలను పోల్చరు, అవి అన్నిట్లో ఒకేలా ఉంటాయి. తప్పులను పోలుస్తారు. రెండు ప్రతుల్లో ఒకే చోట ఒకే పంక్తి జారిపోతే రెండింటికీ మాతృక ఒకటే. పరీక్ష హాల్లో కాపీ పట్టుకునే మాస్టారి పద్ధతీ ఇదే.

ఎలుక, మేక, కుక్క తమకు కావలసిన విటమిన్ సి కాలేయంలోనే తయారు చేసుకుంటాయి. మనకు ఆ భాగ్యం లేదు, నిమ్మకాయో ఉసిరికాయో తినాలి. ఆ తయారీలో చివరి మెట్టుకు కావలసిన ఎంజైము జన్యువు మనలో లేక కాదు. ఎనిమిదో క్రోమోజోము మీద ఉంది, ముక్కలై, పనికిరాకుండా. చింపాంజీలో, కోతుల్లో కూడా అది చెడిపోయే ఉంది, చెడిన తీరులో మనతో ఉమ్మడి మచ్చలున్నాయి. గినీపిగ్‌లోనూ చెడింది కానీ వేరే తీరుగా, అది వేరే కొమ్మలో విడిగా జరిగిన నష్టం. ఒకే శిల్పి చెక్కితే బొమ్మల్లో పోలికలు ఉండవా అంటారు. ఉంటాయి. పనితనంలో పోలికకు ఆ జవాబు సరిపోతుంది. ఒకేచోట ఒకేలా విరిగిన ముక్కకు సరిపోదు.

క్రోమోజోముల సంగతీ అంతే. మనకు 23 జతలు, చింపాంజీకి, గొరిల్లాకు, ఒరాంగుటాన్‌కు 24. క్రోమోజోము కొసల్లో టీటీఏజీజీజీ అనే ఆరక్షరాల వరస మళ్లీ మళ్లీ వస్తుంది, బూటు లేసు కొసన తొడుగులా. అది ఉండాల్సింది కొసల్లోనే. మన రెండో క్రోమోజోములో మాత్రం అది నడుమన, రెండు కొసలు ఎదురెదురుగా అతికినట్టు, ఉందని 1991లో తేలింది. కణం చీలేటప్పుడు క్రోమోజోమును పట్టి లాగే చోటును సెంట్రోమియర్ అంటారు. రెండు క్రోమోజోములు కలిస్తే రెండు సెంట్రోమియర్లు ఉండాలి కదా. ఒకటి పనిచేస్తోంది, రెండోదాని శిథిలం ఇంకా కనిపిస్తోంది.

‘మా తాత కోతి కాదు’ అనే చమత్కారానికి సంఘంలో నవ్వులు పడతాయి. జీవశాస్త్రం చెప్పేది కూడా అది కాదు. తెలుగు తమిళం నుంచి పుట్టిందంటే మనకు కోపం వస్తుంది, రావాలి కూడా. తెలుగు, తమిళం, గోండి, కువి అన్నీ ఇప్పుడు ఎవరూ మాట్లాడని మూల ద్రావిడం నుంచి చీలాయి. తమిళం మనకు తల్లి కాదు, దాయాది. చింపాంజీ వరసా అదే. ఉమ్మడి పూర్వీకుల నుంచి మన దారి, వాటి దారి విడిపోయి సుమారు 60-70 లక్షల ఏళ్లు. ద్రావిడ భాషల చుట్టరికాన్ని 1856లో, అంటే డార్విన్ పుస్తకానికి మూడేళ్ల ముందు, తులనాత్మక వ్యాకరణంగా రాసింది తిరునల్వేలిలో పనిచేసిన మిషనరీ రాబర్ట్ కాల్డ్‌వెల్. తర్వాత ఆయన బిషప్ అయ్యాడు. ఆదికాండము 11వ అధ్యాయంలో బాబెలు దగ్గర దేవుడు భాషలు తారుమారు చేశాడని ఉంది. భాషలు మెల్లగా చీలాయన్న కాల్డ్‌వెల్‌ను బాబెలు వచనం చూపి ఏ సంఘమూ వెలివేయలేదు. భాషలకు ఇచ్చిన వెసులుబాటు బల్లులకు, కోతులకు ఎందుకివ్వరో మాకు అర్థం కాదు.

ఇప్పుడు వాక్యం దగ్గరికి వద్దాం. అసలు తగాదా జన్యువుల దగ్గర లేదు, ఒకటి రెండు తెలుగు మాటల దగ్గర ఉంది.

ఆదికాండము 1వ అధ్యాయంలో ‘వాటి వాటి జాతి ప్రకారము’ అని పదే పదే వస్తుంది. ఇంటర్ జువాలజీ పుస్తకంలో స్పీషీస్‌కు పెట్టిన మాట కూడా జాతే, జీనస్‌కు ప్రజాతి. దాంతో చదివేవాడికి బైబిలు జాతీ, జీవులను వర్గీకరించిన శాస్త్రవేత్త లినేయస్ జాతీ ఒకటేననిపిస్తుంది. జాతులు మారవని దేవుడే చెప్పాడనే ప్రసంగం అక్కణ్నుంచి పుట్టింది. మూలంలో హీబ్రూ మాట మీన్, అంటే రకం. లినేయస్ వర్గీకరణ 1735లో మొదలైంది. పాత తర్జుమాలో రకరకాలు అనే అర్థంలో వాడిన మాటను తర్వాత వచ్చిన సైన్సు పుస్తకాలు తమ పరిభాషగా తీసుకున్నాయి. తప్పు తర్జుమాకారులది కాదు, పుస్తకాలు రాసినవారిదీ కాదు. రెండింటినీ కలిపి చదివినవారిది.

అవే వచనాల్లో క్రియను ఎవరూ పట్టించుకోరు. 11వ వచనంలో ‘భూమి మొలిపించుగాక’, 24వ వచనంలో ‘భూమి పుట్టించుగాక’. దేవుడు ఆజ్ఞ ఇస్తున్నాడు, పుట్టించే పని భూమికి అప్పగిస్తున్నాడు. ఇది పరిణామాన్ని ముందే చెప్పిన వచనమని మేం అనం. అలా అంటే విమానాలు మన పురాణాల్లో ఉన్నాయనే బాపతు వాదన అవుతుంది. సృష్టికర్త నేరుగా ఒక్కొక్కటీ చేత్తో చేసి పెట్టి తీరాలనే షరతు ఈ అధ్యాయంలో లేదు, మేం చూపేది అంతవరకే.

దినము కూడా అంతే. సూర్యచంద్రులు కనిపించేది నాలుగో దినాన. అప్పటికే మూడు అస్తమయాలు, మూడు ఉదయాలు గడిచిపోయాయి. రెండో అధ్యాయం 4వ వచనం మొత్తం సృష్టిని ‘భూమిని ఆకాశమును చేసిన దినమందు’ అని ఒక్క దినంలో ముడుస్తుంది. మొదటి అధ్యాయంలో మొక్కలు, జంతువులు, తర్వాత మనిషి. రెండో అధ్యాయంలో పొలపు మొక్క మొలవక ముందే నరుడు, తర్వాత తోట, ఆ తర్వాత జంతువులు. రాసినవారికి, కూర్చినవారికి ఈ తేడా కనబడలేదనుకోవడం వాళ్లను చిన్నబుచ్చడమే. వరస చెప్పడం వాళ్ల ఉద్దేశం అయి ఉంటే రెండు వరసలు పక్కపక్కన పెట్టరు.

ఇది డార్విన్‌కు జడిసి ఈమధ్య కనిపెట్టిన సర్దుబాటు కాదు. ఐదో శతాబ్దం మొదట్లోనే క్రైస్తవ వేదాంతి అగస్టీను ఆరు దినాలను ఇరవై నాలుగు గంటల రోజులుగా తీసుకోలేదు. దేవుడు అన్నిటినీ ఒక్కసారే, కొన్నిటిని బీజరూప కారణాలుగా ఉంచి, సృజించాడని రాశాడు. భూమ్యాకాశాల గురించి బాగా తెలిసిన అన్యుల ముందు క్రైస్తవుడు లేఖనం పేరుతో తెలివితక్కువ మాటలు మాట్లాడి నవ్వులపాలు కావద్దని హెచ్చరించాడు. (భూమి వయసు మాత్రం ఆయన లెక్కలోనూ వేల ఏళ్లే. ఆయన్ని మా పార్టీలో చేర్చుకోవడం లేదు.) క్రీ.పూ. 4004 అన్న తేదీ 1650లో ఐర్లండ్ ఆర్చిబిషప్ అషర్ కట్టిన లెక్క. 1859లో డార్విన్ పుస్తకం వచ్చాక హార్వర్డ్ వృక్షశాస్త్రవేత్త ఏసా గ్రే, ఆంగ్లికన్ గురువు చార్లెస్ కింగ్‌స్లీ పరిణామాన్ని విశ్వాసంతోనే స్వీకరించారు. లేఖనంలో తప్పే లేదని గట్టిగా వాదించిన ప్రిన్స్‌టన్ వేదాంతి వార్‌ఫీల్డ్ కూడా దానికి తలుపు మూయలేదు. పొరల రాళ్లన్నీ నోవహు జలప్రళయంలో ఏర్పడ్డాయి, భూమి వయసు ఆరు వేల ఏళ్లు అనే వాదం ప్రొటెస్టెంటు సంఘాల్లో బలంగా వ్యాపించింది 1961 తర్వాత, అమెరికా నుంచి. మన సంఘాల్లో తాతల నాటి బోధ అనుకుంటున్నది రిటైరైన పాస్టర్ల వయసు కన్నా పెద్దదేమీ కాదు.

సండే స్కూలు పిల్లల్ని హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియానికి తీసుకెళ్తే అక్కడ కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం నిలబడి ఉంటుంది. ఒకప్పటి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర దొరికిన ఎముకలు, జురాసిక్ కాలానివి. కడప జిల్లా వేంపల్లె రాళ్లలో సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన గుట్టలు 180 కోట్ల ఏళ్లు దాటినవి. పిల్లలు అడుగుతారు. ‘సాతాను పెట్టిన ఎముకలు’ అని జవాబిస్తే ఆ పిల్ల ఇంటర్‌లో చేరిన మొదటి నెలలోనే మీ మిగతా మాటలనూ అదే గంపలో పారేస్తుంది.

‘అంతా యాదృచ్ఛికమైతే దేవుడెందుకు?’ అనే ప్రశ్న ఉంది. జీవశాస్త్రంలో యాదృచ్ఛికం అనే మాటకు పరిమితమైన అర్థం. జన్యువులో మార్పు ఆ జీవికి ఏది అవసరమో చూసుకుని రాదు, అంతే. ప్రయోజనమే లేదని తీర్పు చెప్పడం ఆ మాట పని కాదు. సామెతలు 16:33లో ‘చీట్లు ఒడిలో వేయబడును వాటివలని తీర్పు యెహోవా వశము’ అని ఉంది. మత్తీయను అపొస్తలుడిగా ఎంచుకున్నది చీట్లు వేసే కదా. చీటీ మనిషికి యాదృచ్ఛికమే. అది దేవుని వశంలో ఉందని నమ్మినవాడికి జన్యుమార్పు దగ్గర విశ్వాసం సడలాల్సిన పని లేదు.

కీర్తన 139 ‘నా తల్లి గర్భమందు నన్ను నిర్మించినవాడవు నీవే’ అంటుంది. అండం, శుక్రకణం, కణవిభజన అన్నీ నేర్పే పాఠాన్ని ఈ వచనానికి విరోధంగా ఏ తల్లీ భావించదు. గర్భంలో ఆరో వారానికి చేయి గరిటెలా ఉంటుంది, వేళ్లు విడిగా ఉండవు. వేళ్ల మధ్య ఉన్న కణాలు క్రమంగా చనిపోతే ఎనిమిదో వారానికి వేళ్లు విడతాయి. కొన్ని కణాల చావు లేకపోతే ఈ చేత్తో ప్రార్థనకు వేళ్లు ముడవలేం. తొమ్మిది నెలల క్రమాన్ని దేవుని పనిగా చదివే మనం కోట్ల ఏళ్ల క్రమాన్ని చూసి ఎందుకు ఉలిక్కిపడాలి?

పాపానికి ముందు లోకంలో మరణమే లేదంటారు. రోమా 5:12లో పౌలు చెప్పేది ‘మనుష్యులందరు పాపము చేసినందున’ వచ్చిన మరణం గురించి. కోటాసారస్ చావు అతని విషయం కాదు. అయితే ఆదికాండము 1:30లో జంతువులకు పచ్చని చెట్లే ఆహారంగా ఇచ్చినట్టుంది. అక్షరార్థంగా తీసుకునేవారికి అది నిజమైన చిక్కే, దాన్ని మేం కాదనం.

అంతకన్నా పెద్ద చిక్కు ఆదాము. ఇక్కడ పరిణామవాదులైన క్రైస్తవులు చాలామంది చప్పుడు చేయకుండా దాటిపోతారు, అది మంచి పద్ధతి కాదు. ఇద్దరు మనుషుల్లో ఏ జన్యువుకైనా గరిష్ఠంగా నాలుగు రూపాలే ఉండగలవు. అవయవ మార్పిడికి ముందు పోల్చి చూసే హెచ్‌ఎల్‌ఏ-బి జన్యువుకు ఈనాటి మనుషుల్లో వేల రూపాలున్నాయి. నాలుగు నుంచి అన్ని రూపాలు ఆరు వేల ఏళ్లలో రావు. మన జన్యువుల్లోని వైవిధ్యం మొత్తం చూస్తే, గత కొన్ని లక్షల ఏళ్లలో మన పూర్వీకుల జనాభా వేలల్లోనే ఉంది తప్ప ఇద్దరికి దిగినట్టు కనబడదు.

మరి ఆదాము? ఆదామంటే హీబ్రూలో మనిషి, అదామా అంటే నేల. నేలమంటితో నరుడు అనే తెలుగు వాక్యంలో ఆ శ్లేష పోయింది. దాన్నిబట్టి ఆదాము మనందరి బొమ్మ అని కొందరంటారు. వేలమందిలో దేవుడు పిలిచి, నిబంధన చేసి, అందరి తరఫున నిలబెట్టిన మనిషి అని ఇంకొందరు, అబ్రాహామును పిలిచినట్టే. మూడో మాట వంశవృక్షం లెక్క. తరానికి రెట్టింపు చొప్పున 20 తరాలు వెనక్కి వెళ్తే పూర్వీకుల స్థానాలు 10,48,576. ముప్ఫై తరాలకు 107 కోట్లు. అంతమంది అప్పుడు లేరు కాబట్టి ఒకే మనుషులు చాలా స్థానాల్లో పదే పదే కూర్చుంటారు. మన ఇళ్లలో మేనరికం చేసుకున్న జంట బిడ్డకు ఎనిమిది మంది ముత్తాతలు, ముత్తవ్వలు ఉండాల్సిన చోట ఆరుగురే ఉంటారు, ఇదీ అలాంటిదే. ఈ లెక్కను లోకమంతటికీ విస్తరించి, ఇప్పుడున్న అందరికీ ఉమ్మడి పూర్వీకుడు కొన్ని వేల ఏళ్ల క్రితమే ఉండవచ్చని 2004లో నేచర్ పత్రికలో ఒక వ్యాసం చూపించింది. అంటే, ఎప్పుడో బతికిన ఒక జంట మనందరి వంశంలోనూ ఉండవచ్చు, వాళ్లతో పాటు ఇంకా వేలమందీ ఉండవచ్చు. జన్యుశాస్త్రం దీన్ని కాదనదు, రుజువు కూడా చేయదు. కతోలిక సంఘం సంగతి చెప్పాలంటే, 1950లో పన్నెండో పయస్ పోపు శరీరం విషయంలో పరిణామాన్ని పరిశోధించవచ్చన్నారు, ఆత్మను మాత్రం దేవుడే నేరుగా సృజిస్తాడన్నారు, అనేకమంది ఆదిమానవుల మాటకు అడ్డు చెప్పారు. 1996లో రెండో జాన్ పాల్ పోపు పరిణామం పరికల్పనను దాటిందని ప్రకటించారు. ఈ ఉత్తరం రాసిన ఇద్దరిలో ఒకరు రెండో దారి వైపు, ఇంకొకరు మొదటి దారి వైపు. ఈ ఒక్క సంగతి తేలేదాకా పిల్లలు జువాలజీ చదవకూడదని మాత్రం ఇద్దరం అనం.

కాలేజీల వైపు కూడా ఒక మాట. ఇంటర్ రెండో ఏడాది జీవ పరిణామం పాఠం చెబుతూ ‘ఇక దేవుడితో పనిలేదు’ అని బల్ల మీద గుద్ది చెప్పే అధ్యాపకులు ఉన్నారు. హార్డీ-వైన్‌బర్గ్ సూత్రంలో ఆ వాక్యం ఎక్కడా లేదు. జన్యువుల నిష్పత్తి ఎప్పుడు మారుతుందో అది చెబుతుంది. ఎవరి చిత్తం వల్ల అనే ప్రశ్న దాని పరిధి కాదు. ఆ అదనపు వాక్యం విని తరగతిలో ముందు బెంచీ పిల్ల పుస్తకం మూసేస్తే, నీట్‌లో పోయే మార్కులు ఆ పిల్లవి. పదో తరగతి పుస్తకం నుంచి కేంద్ర పాఠ్యపుస్తకాల సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ పరిణామాన్ని తీసేసినప్పుడు, 2023 ఏప్రిల్‌లో, 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు నిరసన తెలిపారు. ఆ పుస్తకం చదివి పదితో సైన్సు ఆపేసే పిల్లలకు ఈ పాఠం ఇక ఎక్కడా ఎదురుకాదు. వాళ్లకు మిగిలేది వాట్సాప్ ఒక్కటే.

చివరిగా, పాస్టర్ల చేతిలోనే ఉన్న రెండు పనులు.

ఒకటి క్షయ. ఊపిరితిత్తుల్లో గుల్లపడ్డ రోగిలో కోట్ల క్రిములుంటాయి. సుమారు పది లక్షల్లో ఒకటి ఐసోనియాజిడ్ అనే మందును, పది కోట్లలో ఒకటి రిఫాంపిసిన్ అనే మందును పుట్టుకతోనే తట్టుకుంటుంది. ఒక్క మందే ఇస్తే పత్తి చేలో జరిగిందే ఛాతీలో జరుగుతుంది. రెండింటినీ తట్టుకునే క్రిమి ఒళ్లంతా వెతికినా దొరకడం కష్టం. అందుకే మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు. నెలన్నరకే దగ్గు తగ్గుతుంది, బరువు పెరుగుతుంది. స్వస్థత కూటంలో సాక్ష్యం చెప్పి మాత్రలు ఆపేసేది అప్పుడే. మిగిలి ఉన్నవి గట్టి క్రిములు, ఆరు నెలల తర్వాత తిరగబెడితే ఇంట్లోవాళ్లకు అంటేది అవే. మదనపల్లె ఆరోగ్యవరం లాంటి మిషన్ శానటోరియాలు క్షయతో పోరాడిన నేల మనది. సాక్ష్యం చెప్పించండి, ఆరో నెల మాత్ర కూడా మింగించండి.

రెండోది సికిల్ సెల్, ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు. ఏజెన్సీ సంఘాల్లో పనిచేసేవారికి ఇది తెలిసిన బాధే. బీటా గ్లోబిన్ జన్యువులో జీఏజీ అనే మూడక్షరాలు జీటీజీ కావడమే మూలం, ఒక్క అక్షరం తేడా. ఒక్క ప్రతి ఉన్నవారికి మలేరియా ముదిరి ప్రాణం మీదికి రావడం తక్కువ. అందుకే మలేరియా ఉన్న కొండల్లో ఈ అక్షరం పోకుండా నిలిచింది. రెండు ప్రతులు అందిన బిడ్డకు మాత్రం జీవితాంతం నొప్పులు, రక్తహీనత. ఒకరిని కాపాడిన మార్పే ఇంకొకరిని నలిపేస్తుంది. దీని ముందు ‘దేవుని రూపకల్పన’ అని తేలిగ్గా అనడానికి మాకు నోరు రాదు. జనంలో ఆ జన్యువు వాటా పదో వంతైతే నూరుమందిలో 18 మంది వాహకులు, అంటే ఒక్క ప్రతి ఉన్నవారు, ఒకరు రోగి అవుతారు. వాహకులిద్దరు పెళ్లాడితే ప్రతి కాన్పుకూ నాలుగో వంతు ప్రమాదం.

పెళ్లికి ముందే పరీక్ష చేయించడం ఆ రెండో పని. సాల్యుబిలిటీ అనే రక్తపరీక్ష పది నిమిషాల పని, కానీ వాహకులెవరో రోగి ఎవరో అది చెప్పదు. పాజిటివ్ వస్తే రక్తంలోని హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేయించాలి. గత మూడు నెలల్లో రక్తం ఎక్కించుకుని ఉంటే ఆ ఫలితాన్ని నమ్మకూడదు. ఇద్దరూ వాహకులని తేలితే పెళ్లి మానుకోమని కాదు. గర్భం వచ్చాక చేసే పరీక్ష, ఆ తర్వాత ఏం చేయాలన్న ప్రశ్న క్రైస్తవ కుటుంబాన్ని ఎంత నలుపుతుందో కాపరికి తెలుసు, ముందే కూర్చోబెట్టి మాట్లాడే వీలు ఆయనకే ఎక్కువ. మూడు ఆదివారాలు పెళ్లి ప్రకటన చదివే సంఘాల్లో ఆ రిపోర్టు మొదటి ఆదివారానికి ముందే చేతికి రావాలి. ప్రకటన చదివాక వచ్చిన కాగితాన్ని బయటపెట్టడానికి రెండు వైపులా ఏ పెద్దమనిషీ సాహసించడు.

ఇట్లు,
ఒక జువాలజీ అధ్యాపకురాలు, ఒక బైబిల్ కాలేజీ అధ్యాపకుడు,
గుంటూరు